పద్నాలుగు దాటిన పిల్ల ఎవరి లెక్కలో ఉంది? బెంగళూరు వలస కుటుంబాల్లో కిశోర బాలికల ఆరోగ్యం

మన చట్టాలు పిల్లల వయసును ముక్కలుగా కోసి చూస్తాయి. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకు ఉచిత నిర్బంధ విద్య అంటుంది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం, కుటుంబ వృత్తులకు ఇచ్చిన మినహాయింపు వంటివి పక్కన పెడితే, పద్నాలుగు నిండని పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదంటుంది. ఆ వయసు దాటాక ప్రమాదకరమైన పనులకు మాత్రమే అడ్డు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం 50 మందికి పైగా స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు ఒక గది ఉండాలని చెప్పింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్‌లోనూ ఆ ఆరేళ్ల హద్దు అలాగే ఉంది. పెళ్లికి 18, ఓటుకు 18, కార్మిక సంక్షేమ బోర్డులో పేరు నమోదుకు 18. పద్నాలుగుకూ పద్దెనిమిదికీ మధ్య నాలుగేళ్లు ఎవరికీ చెందకుండా మిగిలిపోయాయి. ఆడపిల్ల చదువు ఆగిపోయేది, నెలనెలా పోయే రక్తానికి తగిన తిండి దొరకక నీరసపడేది, ఇంట్లో పెళ్లిమాట మొదలయ్యేది సరిగ్గా ఆ నాలుగేళ్లలోనే.

2014 జనవరి 7న మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం ఈ ఖాళీని గుర్తించింది. పది నుంచి పందొమ్మిదేళ్ల వారందరినీ ఒకే వర్గంగా చూసి, పోషణ, లైంగిక ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం, హింస, మత్తు అలవాట్లు, జీవనశైలి జబ్బులు అనే ఆరు అంశాలను ఒకే గొడుగు కిందికి తెచ్చింది. ఆలోచన మంచిది. అయితే ఆ గొడుగు పట్టుకున్న ముఖ్యమైన చేతులు రెండే: బడి, అంగన్‌వాడీ. బడి మానేసి, అంగన్‌వాడీ జాబితాలో పేరు లేని అమ్మాయి దాని నీడలోకి రాదు. అలాంటి అమ్మాయిలు ఎక్కడ ఉంటారో తెలియాలంటే బెంగళూరు శివార్లలో లేస్తున్న అపార్ట్‌మెంట్ల పక్కన చూడాలి.

2011 జనాభా లెక్కల్లో కర్ణాటకలో తమ మాతృభాష తెలుగు అని చెప్పినవారు దాదాపు 6 శాతం. బెంగళూరు తెలుగువారు అనగానే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, వ్యాపారులు, తరతరాలుగా అక్కడే స్థిరపడిన కుటుంబాలు గుర్తుకొస్తాయి. ఆ నగరాన్ని కడుతున్న తెలుగువారు వేరే ఉన్నారు. వానలు తప్పిన ఏడాది, అప్పు తీరని ఏడాది ఆదోని, కోసిగి, ఆలూరు, పత్తికొండ, కదిరి, మక్తల్, నారాయణపేట ప్రాంతాల నుంచి కుటుంబాలు కదులుతాయి. వైట్‌ఫీల్డ్, వర్తూరు, సర్జాపుర రోడ్డు, ఎలక్ట్రానిక్ సిటీ, యలహంక వైపు మేస్త్రీ చూపించిన రేకుల షెడ్లలో దిగుతాయి. తండ్రి సెంట్రింగ్ పనికో మట్టి పనికో వెళతాడు. తల్లి ఇటుకలు మోయడానికో, దగ్గరి అపార్ట్‌మెంట్లలో ఇంటి పనికో వెళుతుంది. పదమూడేళ్ల కూతురు షెడ్‌లోనే ఉంటుంది. తమ్ముణ్ణి చూసుకోవాలి, ట్యాంకర్ వచ్చినప్పుడు నీళ్లు పట్టాలి, సాయంత్రానికి వంట చేయాలి. ఆమె చేసే ఈ పనిని ఏ చట్టమూ పనిగా గుర్తించదు, కూలీ లెక్కలోకీ రాదు. కానీ ఆ పని లేకపోతే తల్లి సంపాదన లేదు.

ఈ అమ్మాయికి రెండు రాష్ట్రాల ప్రభుత్వాలున్నాయి. రెండింటికీ ఆమె అందదు. ఆంధ్రప్రదేశ్ 2021 అక్టోబరులో ‘స్వేచ్ఛ’ పేరుతో ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఏడు నుంచి పన్నెండో తరగతి వరకు చదివే బాలికలకు నెలకు 10 ప్యాడ్ల చొప్పున ఇవ్వడం మొదలుపెట్టింది. కర్ణాటక ‘శుచి’ పథకం 2013లో మొదలై, మధ్యలో కొన్నేళ్లు ఆగి, 2024లో మళ్లీ పట్టాలెక్కింది. రెండూ ముఖ్యంగా బడులు, హాస్టళ్ల ద్వారానే చేరతాయి కాబట్టి బడి మానేసిన పిల్లకు రెండూ లేవు. 2023 జూన్ 11 నుంచి కర్ణాటకలో మహిళలకు బస్సు ప్రయాణం ఉచితం. అయితే అది ఆ రాష్ట్ర నివాసులకు మాత్రమే. ఆధార్ మీద అనంతపురం చిరునామా ఉన్న తల్లి తన కూతుర్ని నగరంలోని ప్రభుత్వ వాణీ విలాస్ ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే ఇద్దరికీ టికెట్ కొనాలి. రోజు కూలి పోగొట్టుకోవడం దీనికి అదనం. అమ్మాయి తలనొప్పి, నీరసం అంటే ‘ఆదివారం చూద్దాంలే’ అనే మాట ఎందుకు వస్తుందో ఇక్కడ అర్థమవుతుంది. ఆ ఆదివారం ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ ఉండదు.

పోషకాహార పథకం తీరు మరింత బాధ కలిగిస్తుంది. కేంద్రం ‘సబల’ పేరుతో 2010లో 200 జిల్లాల్లో పదకొండు నుంచి పద్దెనిమిదేళ్ల బాలికలందరినీ దృష్టిలో పెట్టుకుంది. కొన్నేళ్లకు దాన్ని బడి మానేసిన 11–14 ఏళ్ల వారికి కుదించారు. 2021–22 నుంచి కేంద్ర పోషకాహార కార్యక్రమమైన పోషణ్ 2.0లో కలిపి, వయసును 14–18కి మార్చారు. లబ్ధి రోజుకు 600 కేలరీలు, 18 నుంచి 20 గ్రాముల ప్రొటీన్, ఏడాదిలో 300 రోజులు. కాగితం మీద ఇది సరైన వయసుకు సరైన సాయం. కానీ ఈశాన్య రాష్ట్రాలకు, వెనుకబడినవిగా కేంద్రం గుర్తించిన ‘ఆకాంక్షిత’ జిల్లాలకు మాత్రమే వర్తిస్తుంది. కర్ణాటకలో ఆ జిల్లాలు రాయచూరు, యాదగిరి. బెంగళూరు ఆ జాబితాలో లేదు. ఈ కుటుంబాలు బయలుదేరి వచ్చిన కర్నూలు, అనంతపురం కూడా లేవు. జిల్లా వెనుకబాటును కొలిచే పద్ధతి వేరు, వలస వచ్చిన ఇంటి వెనుకబాటు వేరు. సంపన్న నగరం నడిబొడ్డున ఉన్న షెడ్ ఆ నగర సగటులో కలిసిపోయి కనిపించకుండా పోతుంది.

రక్తంలో కనిపించే లెక్క

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకు ముందటి సర్వేలో అది 54 శాతం. అంటే కార్యక్రమాలు పెరిగిన కాలంలోనే జబ్బూ పెరిగింది. తెలంగాణలో ఇది దాదాపు 65 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 60 శాతం, కర్ణాటకలో 49 శాతం. అదే వయసు అబ్బాయిల్లో దేశం మొత్తం మీద 31 శాతం. ఈ అంకెల మీద నిపుణుల మధ్య వాదన ఉంది. కుటుంబ ఆరోగ్య సర్వేలో వేలికొన నుంచి తీసిన చుక్క రక్తాన్ని పరీక్షిస్తారు. 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో సిర నుంచి రక్తం తీశారు. అందులో 10–19 ఏళ్ల అమ్మాయిల్లో రక్తహీనత 40 శాతం, అబ్బాయిల్లో 18 శాతం అని తేలింది. పద్ధతి మారితే, వయసు పరిధి మారితే అంకె మారుతుంది. అయితే ఏ సర్వే తీసుకున్నా అమ్మాయిల రక్తహీనత అబ్బాయిల కంటే దాదాపు రెట్టింపు. కొలతల మీద వాదించుకుంటూ ఈ తేడాను మరచిపోకూడదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసుల ప్రకారం 13–15 ఏళ్ల అమ్మాయికి రోజుకు 30 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, అదే వయసు అబ్బాయికి 22. 16–18 ఏళ్లకు అమ్మాయి అవసరం 32కు చేరుతుంది. వంద గ్రాముల పాలిష్ బియ్యంలో ఉండేది ఒక మిల్లీగ్రాము కూడా కాదు. రాగుల్లో నాలుగున్నరకు పైగా, సజ్జల్లో ఆరుకు పైగా ఉంటుంది. కాల్షియం తేడా ఇంకా పెద్దది: వంద గ్రాముల రాగుల్లో దాదాపు 360 మిల్లీగ్రాములు ఉంటే, బియ్యంలో పది లోపే. రాయలసీమ ఊళ్లలో సంగటి, కొర్రన్నం, జొన్నరొట్టె తిన్న కుటుంబం బెంగళూరు వచ్చాక రేషన్ బియ్యానికీ టీ, బన్నుకూ మారుతుంది. చుట్టూ రాగిముద్ద తినే రాష్ట్రమే అయినా, తెల్లవారుజామున పనికి పోయి చీకటి పడ్డాక వచ్చే ఇంట్లో ముద్ద కెలికే తీరిక ఉండదు. త్వరగా ఉడికే అన్నం, పలుచటి చారు, ఊరగాయ మిగులుతాయి. భోజనంతో పాటే టీ తాగితే ఉన్న కాస్త ఇనుమూ ఒంటికి పట్టడం తగ్గుతుందని, నిమ్మకాయ పిండుకుంటే పెరుగుతుందని చెప్పేవారు ఆ షెడ్ల వైపు రారు.

దీనికి తోడు ఎవరు ముందు తింటారన్నది. గుడ్డు ఒకటే ఉంటే అది తమ్ముడి కంచంలో పడుతుంది, మాంసం వండిన ఆదివారం ముక్కలు మగవాళ్లకు వెళతాయి. తల్లి కావాలని చేసే అన్యాయం కాదిది. ఆమె కూడా అలాగే పెరిగింది, ఇప్పటికీ అందరి తరువాతే తింటుంది. కానీ ఫలితం మాత్రం కూతురి ఒంట్లో కనిపిస్తుంది. పన్నెండేళ్లు దాటిన అమ్మాయికి డెసిలీటరుకు 12 గ్రాముల హీమోగ్లోబిన్ ఉండాలి. తగ్గినకొద్దీ ఆయాసం, తలతిరగడం, చదివింది గుర్తుండకపోవడం మొదలవుతాయి. ఇంట్లో దీనికి పెట్టే పేరు బద్ధకం. బడిలో పెట్టే పేరు శ్రద్ధ లేకపోవడం. జబ్బు మనిషిని గుణం లేని మనిషిగా చూడటం కంటే క్రూరమైనది ఏముంటుంది?

దీనికి ప్రభుత్వం దగ్గరున్న మందు చౌక, సులువు. వారానికి ఒకసారి నీలం రంగు ఐరన్ మాత్ర, అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. ఫిబ్రవరిలో, ఆగస్టులో నులిపురుగుల మాత్ర. బడిలో ఉన్నవారికి టీచరు, బడి మానేసిన వారికి అంగన్‌వాడీ కార్యకర్త ఇవ్వాలి. కాబట్టి నియమం ప్రకారం షెడ్‌లోని అమ్మాయికీ ఇది అందాలి. ఎందుకు అందదంటే, అంగన్‌వాడీ తన పరిధిలోని ఇళ్లను సర్వే చేసి జాబితా రాసుకున్న నాటికి ఈ షెడ్లు లేవు. మళ్లీ సర్వే చేసే నాటికి ఈ కుటుంబం ఇంకో సైటుకు వెళ్లిపోయి ఉంటుంది. ఎప్పుడైనా మాత్ర చేతికి వచ్చినా, ఖాళీ కడుపుతో వేసుకుని వికారం వచ్చి మానేస్తారు. మలం నల్లగా రావడం చూసి భయపడతారు. భోజనం తరువాత వేసుకోవాలని, ఆ నలుపు ప్రమాదం కాదని ఒక్క నిమిషం తెలుగులో చెబితే చాలు. బెంగళూరు ఆరోగ్య కార్యకర్తల్లో తెలుగు వచ్చినవారు తక్కువేమీ కాదు. ఎవరిని ఏ కాలనీకి పంపాలో నిర్ణయించేటప్పుడు భాషను లెక్కలోకి తీసుకోవడమే కావాల్సింది.

చిమ్మిలి పెట్టే ఇల్లు, నీళ్లు లేని మరుగుదొడ్డి

అమ్మాయి పెద్దమనిషి అయినప్పుడు తెలుగిళ్లలో నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి పెడతారు. మినప సున్నుండలు చేస్తారు. నెయ్యి, పాలు, గుడ్లు తినిపిస్తారు. ఈ వయసులో ఆడపిల్లకు ప్రత్యేకమైన తిండి కావాలన్న ఎరుక మన సంప్రదాయంలో ఉంది. ఆ ఎరుకను కొన్ని రోజులకే పరిమితం చేయడం, దాన్ని ఊరంతటికీ ‘పిల్ల పెళ్లికి వచ్చింది’ అని చాటే వేడుకగా మార్చడం మనం చేసుకున్న నష్టం. అప్పు చేసి ఫంక్షన్ పెట్టిన తండ్రి, ఆ అప్పు తీర్చడానికే కుటుంబంతో బెంగళూరు బస్సెక్కడం అరుదు కాదు. ఆ కొన్ని రోజుల శ్రద్ధను పదహారో ఏడు దాకా సాగదీయమని అడిగితే ఏ తల్లీ కాదనదు. ఆరోగ్య ప్రచారం రాసేవారు అక్కడ మొదలుపెట్టాలి. మూఢనమ్మకం అని తిడుతూ మొదలుపెట్టినవారి మాట ఎవరూ వినరు.

ప్యాడ్ల విషయంలో దేశం ముందుకు నడిచిన మాట నిజం. 15–24 ఏళ్ల వారిలో నెలసరి సమయంలో పరిశుభ్రమైన పద్ధతులు వాడేవారు నాలుగో కుటుంబ ఆరోగ్య సర్వేలో (2015–16) దాదాపు 58 శాతం ఉంటే, ఐదో దానిలో (2019–21) 77 శాతం దాటారు. 2018 జులైలో ప్యాడ్ల మీద జీఎస్టీ తీసేశారు. షెడ్ల దగ్గరి కిరాణా కొట్టులో కూడా ఇప్పుడు చిన్న ప్యాకెట్లు దొరుకుతాయి. సమస్య ప్యాడ్ దొరికిన తరువాత మొదలవుతుంది. మార్చుకోవడానికి తలుపుకు గడియ ఉన్న గది కావాలి, కడుక్కోవడానికి నీళ్లు కావాలి, పారేయడానికి చోటు కావాలి. ఇరవై ముప్పై కుటుంబాలకు నాలుగు మరుగుదొడ్లు, ట్యాంకర్ వస్తేనే నీళ్లు ఉన్న చోట అమ్మాయి చేసేది ఒకటే: పగలు నీళ్లు తాగడం తగ్గిస్తుంది, మూత్రం ఆపుకుంటుంది, చీకటి పడేదాకా ఒకే ప్యాడ్‌తో ఉంటుంది. మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, దురదలు, పుండ్లు ఇలా వస్తాయి. చీకటి పడ్డాక ఆ మరుగుదొడ్డికి వెళ్లడం ఇంకో భయం. బెంగళూరులో ఇళ్ల నుంచి వచ్చే ప్యాడ్ల చెత్తను కాగితంలో చుట్టి, ఎర్ర గుర్తు పెట్టి వేరుగా ఇవ్వాలన్న అలవాటు అపార్ట్‌మెంట్లలో బాగానే నాటుకుంది. ఆ అపార్ట్‌మెంట్లను కట్టే తల్లులు మాత్రం కూతురి ప్యాడ్లను మట్టిలో పాతిపెడుతున్నారు.

సరిహద్దు దాటితే మారే పెళ్లి

కర్ణాటక 2016లో బాల్యవివాహ నిషేధ చట్టానికి సవరణ తెచ్చింది. దాని ప్రకారం బాల్యవివాహం మొదటి నుంచీ చెల్లదు. 2017లో సుప్రీంకోర్టు ఈ సవరణను మెచ్చుకుంటూ మిగిలిన రాష్ట్రాలకు ఆదర్శంగా చూపింది. ఆంధ్రప్రదేశ్‌లో వర్తించేది 2006 నాటి కేంద్ర చట్టం. దానిలో సాధారణంగా పెళ్లి చెల్లుతుంది. బాల్యంలో పెళ్లయిన వ్యక్తి స్వయంగా కోర్టుకు వెళ్లి, మేజరైన రెండేళ్లలోపు అడిగితే రద్దవుతుంది. సంక్రాంతికో ఉగాదికో ఊరి జాతరకో సొంతూరు వెళ్లిన కుటుంబం పదహారేళ్ల పిల్లకు మేనమామతోనో మేనత్త కొడుకుతోనో పెళ్లి చేసి తిరిగి బెంగళూరు వస్తే, ఆ పిల్లకు దక్కే రక్షణ పెళ్లిపందిరి ఎక్కడ వేశారన్న దాని మీద ఆధారపడుతుంది. కోర్టు మెట్లెక్కి ‘నా పెళ్లి రద్దు చేయండి’ అని మేనమామ మీద కేసు వేసే అమ్మాయి ఎంతమందిలో ఒకరు ఉంటారు?

ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20–24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు దేశంలో 23 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం, తెలంగాణలో 23, కర్ణాటకలో 21, తమిళనాడులో 13 శాతం. సర్వే నాటికి 15–19 ఏళ్ల వారిలో అప్పటికే తల్లయినవారు లేదా గర్భంతో ఉన్నవారు దేశంలో దాదాపు 7 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 12 శాతం దాటారు. ఆదాయం, మహిళా సంఘాల్లో పేరున్న రాష్ట్రానికి ఇది తగని అంకె. మేనరికం దీనికి ఒక కారణం. తెలిసిన ఇల్లు, కట్నం తక్కువ, పిల్ల కళ్లముందే ఉంటుందన్న భరోసా వల్ల పెళ్లి తొందరగా కుదురుతుంది. వలస ఇంకో కారణం. రోజంతా తల్లిదండ్రులు లేని షెడ్‌లో, ఎవరెవరో వచ్చిపోయే సైటు పక్కన, పదిహేనేళ్ల పిల్లను ఒంటరిగా వదలడానికి తల్లికి గుండె దడ. ఆ భయాన్ని అజ్ఞానం అనడం తప్పు. ఆమె చూసిన, విన్న ఘటనల నుంచి వచ్చిన భయం అది. పిల్లకు రక్షణ కల్పించే వ్యవస్థ కంటికి కనిపించనప్పుడు, పెళ్లే రక్షణగా కనిపిస్తుంది.

పదో తరగతి తప్పిన వేసవి వీటన్నింటిలో అతి ప్రమాదకరమైన కాలం. ఫలితాలు వచ్చే ఏప్రిల్, మే నెలలు పెళ్లిళ్ల ముహూర్తాల నెలలు కూడా. ఒక్క లెక్కల పరీక్ష తప్పిన పిల్లకు సప్లిమెంటరీ రాయడానికి కొన్ని వారాలే ఉంటాయి. ఫీజు కట్టి, పాఠం చెప్పి, హాల్‌టికెట్ తెచ్చిచ్చే మనిషి లేకపోతే ఆ వారాల్లోనే సంబంధం చూస్తారు. బెంగళూరులో ఉన్న కుటుంబానికి ఇది ఇంకా కష్టం, పరీక్ష కేంద్రం ఊళ్లో ఉంటుంది, తల్లిదండ్రుల పని ఇక్కడ ఉంటుంది. కౌమార ఆరోగ్యం మీద ఖర్చు పెట్టాలనుకునే ఏ సంస్థకైనా ఒకే ఒక్క చోటు ఎంచుకోమంటే ఎంచుకోవాల్సింది ఈ వేసవినే. ఆ పరీక్ష గట్టెక్కిన పిల్ల ఇంటర్‌లో చేరుతుంది, చేరితే కనీసం రెండేళ్లు పెళ్లి వాయిదా పడుతుంది, తొలి కాన్పు ఇరవై దాటాక జరుగుతుంది. ఏ ఐరన్ మాత్రా చేయలేని పని ఇది.

సాధికారత అనే మాట సభల్లో బాగా వాడుకలో ఉంది. దాన్ని శిక్షణ తరగతిగా కుదించినప్పుడు ఏమవుతుందో కర్ణాటక అనుభవమే చెబుతుంది. విజయపుర, బాగల్‌కోట్ జిల్లాల్లో దళిత, గిరిజన బాలికల కోసం కర్ణాటక హెల్త్ ప్రమోషన్ ట్రస్ట్ ‘సమత’ పేరుతో ఒక పెద్ద కార్యక్రమం నడిపింది. బాలికల బృందాలు, తల్లిదండ్రులతో చర్చలు, అబ్బాయిలతో సమావేశాలు, బడులతో పని, అన్నీ ఉన్నాయి. నిష్ఠగా చేసిన పని, నిష్ఠగా కొలిచిన పని. మొత్తం మీద చూస్తే బడిలో కొనసాగడంలో, పెళ్లి వయసులో కార్యక్రమం ఉన్న ఊళ్లకూ లేని ఊళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దీనికి భిన్నంగా, బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిలు ఇచ్చిన పథకాన్ని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ పరిశీలిస్తే, అమ్మాయిల సెకండరీ చేరికలు 30 శాతానికి పైగా పెరిగాయని తేలింది. ఢిల్లీ చుట్టుపక్కల ఊళ్లలో కాల్‌సెంటర్ ఉద్యోగాలకు యువతులను ఎంపిక చేసే శిబిరాలు మూడేళ్లు పెట్టి చూసిన ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సన్, 2012లో తన ఫలితాలు ప్రచురించాడు. ఆ ఊళ్లలో అమ్మాయిల పెళ్లిళ్లు, కాన్పులు ఆలస్యమయ్యాయి. చిన్న వయసు బాలికల చదువు పెరిగింది, బరువు కూడా మెరుగుపడింది. ఎవరూ వాళ్లకు పోషకాహారం పంచలేదు. కూతురు రేపు సంపాదిస్తుందన్న నమ్మకం వచ్చాక ఆమె కంచం దానంతటదే నిండింది.

బెంగళూరుకు ఇది సరిగ్గా వర్తిస్తుంది. హోసూరు రోడ్డు, బొమ్మనహళ్లి, పీణ్య ప్రాంతాల గార్మెంట్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవారిలో ఎక్కువమంది స్త్రీలే. వాటికి పద్దెనిమిది నిండాలి. పద్నాలుగులో బడి మానేసిన అమ్మాయికి మధ్యలో ఉన్న నాలుగేళ్లలో కంప్యూటరో, నర్సింగ్ సహాయకురాలి పనో, కుట్టుపనో నేర్పే దారి ఉంటే ఆ ఇంట్లో లెక్క మారుతుంది. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా పదో తరగతి తెలుగులోనే రాయవచ్చన్న సంగతి ఈ కుటుంబాలకు దాదాపు తెలియదు.

నమ్మకం లేని చోట సూది

సేవ తీసుకెళ్లడం ఎంత ముఖ్యమో, ఎలా తీసుకెళతామన్నది అంత ముఖ్యం. దీనికి తెలుగు నేల మీదే ఒక చేదు పాఠం ఉంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాను 2009లో ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14 వేల మంది బాలికలకు ఒక ప్రాజెక్టు కింద వేశారు. గుజరాత్‌లోనూ ఇలాగే జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం బయటపెట్టిన సంగతి అంతకంటే లోతైనది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. చాలామంది తల్లిదండ్రులకు తెలియకుండానే పిల్లల ఒంట్లోకి సూది దిగింది.

ఆ టీకా మంచిది. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య ఒక్క డోసు సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. దేశంలోనే తయారవుతోంది. 2024 మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో కేంద్రం దాన్ని ప్రోత్సహిస్తామని ప్రకటించింది. భారతీయ మహిళల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రెండోది. కాబట్టి టీకా షెడ్ల దాకా రావాలి. వచ్చినప్పుడు తల్లికి ఆమె భాషలో, అమ్మాయికి ఆమె వయసుకు తగిన మాటల్లో చెప్పి, అడగడానికి సమయం ఇచ్చి వేయాలి. వలస వచ్చినవారు కదా అని మేస్త్రీ చేత వరుసలో నిలబెట్టిస్తే ఖమ్మం మళ్లీ పునరావృతమవుతుంది.

వైద్యుడి ముందు మాట్లాడే స్వేచ్ఛ కూడా ఇలాంటిదే. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకోవడానికి వచ్చిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదిలోపు అమ్మాయి గర్భంతో వస్తే వైద్యులు పోలీసులకు తెలియజేయాల్సిందే. ఆ భయంతో అమ్మాయిలు ఆసుపత్రికి రాకుండా నాటుమందుల వైపు పోతున్నారని గమనించి, గర్భస్రావం కోరే మైనర్ పేరు, వివరాలు ఆ నివేదికలో వెల్లడించనవసరం లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో తీర్పు ఇచ్చింది. ఈ తీర్పు సంగతి ప్రతి వార్డు ఆరోగ్య కేంద్రంలో గోడ మీద తెలుగు, తమిళం, ఉర్దూ, కన్నడాల్లో రాసి ఉంచదగినది. మనసు భారం చెప్పుకోవడానికి టెలి మానస్ 14416 నంబరుంది. దాని జాతీయ స్థాయి సమన్వయం బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నుంచే జరుగుతుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. కానీ షెడ్‌లో ఫోను తండ్రి జేబులో ఉంటుంది. పిల్లల సహాయవాణి 1098 నంబరు పాఠ్యపుస్తకంలో చూసిన అమ్మాయికి కూడా ఇబ్బంది ఇదే.

ఏం చేయాలన్నది కొత్తగా కనిపెట్టనవసరం లేదు. ఊళ్లోనే ఉండి చదవగల పిల్లకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలనే ప్రభుత్వ వసతి బడులున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో వాటి సంఖ్య 352. తిండి, మాత్ర, ప్యాడ్, చదువు, రక్షణ ఒకే ప్రహరీలో దొరికే చోటు అది. వలస వెళ్లే మండలాల్లో కుటుంబం బస్సెక్కే నెలలో కూడా, ఏడాది మధ్యలోనైనా, సీటు ఇచ్చేలా నియమం సడలిస్తే ఎందరో తల్లులు కూతుర్ని అక్కడే వదిలి వెళ్లగలరు. తల్లిదండ్రులతో రాక తప్పని పిల్లకు బెంగళూరు బడి తలుపు తెరవాలి. టీసీ ఆలస్యమైనా చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టమే చెబుతోంది. పద్నాలుగు దాటిన పిల్లకు ఆ హక్కు లేదు కాబట్టి రాష్ట్రం ప్రత్యేకంగా ఆదేశం ఇవ్వాలి. ఉచిత బస్సును కనీసం పద్దెనిమిదేళ్లలోపు బాలికలకు ఏ చిరునామా ఉన్నా వర్తింపజేయాలి. వారానికి రెండు సాయంత్రాలు వార్డు ఆరోగ్య కేంద్రం తెరిచి ఉంచాలి.

డబ్బు ఎక్కడి నుంచి అన్న ప్రశ్నకు జవాబు ఆ భవనాల్లోనే ఉంది. నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్సుగా కార్మిక సంక్షేమ బోర్డుకు చేరుతుంది. నమోదైన కార్మికుల పిల్లల చదువుకు ఆ బోర్డు సాయం చేస్తుంది. కానీ ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు ధ్రువపత్రం కావాలి, మేస్త్రీ చేతి కింద సైటు నుంచి సైటుకు మారేవారికి ఆ కాగితం ఇచ్చేవారు ఉండరు. అయినా బోర్డు చేతిలో ఇంకెవరి దగ్గరా లేనిదొకటి ఉంది. ప్రైవేటు భవనాలకు ప్లాన్ మంజూరు సమయంలోనే సెస్సు వసూలు చేస్తారు కాబట్టి, నగరంలో ఏ మూల ఏ సైటు మొదలు కాబోతోందో, అంటే షెడ్లు ఎక్కడ లేవబోతున్నాయో, ముందే తెలుస్తుంది. ఆ జాబితా ప్రతి నెలా వార్డు ఆరోగ్య కేంద్రానికి, దగ్గరి ప్రభుత్వ పాఠశాలకు, అంగన్‌వాడీకి వెళితే, కుటుంబాలు దిగిన మొదటి నెలలోనే ఆశా కార్యకర్త అక్కడికి వెళ్లగలుగుతుంది. ఆమె చేతిలోని నమోదు పుస్తకంలో ఇప్పుడు గర్భిణికి, బాలింతకు, ఐదేళ్లలోపు బిడ్డకు విడివిడి పేజీలున్నాయి. పది నుంచి పద్దెనిమిదేళ్ల అమ్మాయికి కూడా ఒక పేజీ కావాలి: పేరు, వయసు, చదివిన తరగతి, చివరిసారి బడికి వెళ్లిన ఊరు, మాట్లాడే భాష, హీమోగ్లోబిన్, మళ్లీ ఏ బడిలో ఏ తేదీన చేర్చారన్నది.